బీరు గ్లాసు దారి చూపిస్తే: బాంబెర్గ్ ఊరిని తిండితో, బీరుతో తెలుసుకునే సమగ్ర మార్గదర్శి

పొగ బీరు మొదటి గుక్క మింగగానే నాకు మా అమ్మమ్మ ఇంటి దాలి గుర్తొచ్చింది. పిడకల మీద పొద్దంతా కాగి, ఎర్రటి మీగడ కట్టి, కాస్త పొగ వాసన పట్టిన పాలు. పక్కనున్న స్నేహితుడు మాత్రం "ఇదేంట్రా, ఇందులో ఎవరో సిగరెట్ ఆర్పినట్టుంది" అని గ్లాసు పక్కకి నెట్టాడు. సాయంత్రానికి వాడే మూడో గ్లాసు తెప్పించుకున్నాడు.

ఊరు బాంబెర్గ్. జర్మనీలో బవేరియా రాష్ట్రం ఉత్తర భాగంలో, ఫ్రాంకోనియా ప్రాంతంలో ఉంటుంది. జనాభా 80 వేలకు అటూ ఇటూ. నేను ఎర్లాంగెన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో రీజనల్ రైలెక్కితే అరగంట, ముప్పావు గంటలో అక్కడ దిగేవాణ్ణి. మొదటి రెండుసార్లు చేయగలిగిన తప్పులన్నీ చేశాను. వంటగది మూసేశాక వెళ్ళాను, కూర్చోకూడని బల్ల దగ్గర కూర్చున్నాను, కార్డు తప్ప జేబులో నోటు లేకుండా బిల్లు అడిగాను. మీకు ఆ తిప్పలు తప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా పద్ధతి ఇది. ఆ ఊళ్ళో మాత్రమే దొరికే రుచి ఒకటి పట్టుకోవాలి. అది అక్కడే ఎందుకు పుట్టింది, అక్కడే ఎందుకు మిగిలింది అని తవ్వుకుంటూ నడవాలి. చర్చిలు, వంతెనలు, సందులు అన్నీ ఆ దారిలోనే ఎదురవుతాయి. వాటి కోసం వేరే లిస్టు పెట్టుకోనక్కర్లేదు.

1. ముందు ఊరి నైసర్గిక స్వరూపం బుర్రలో వేసుకోండి

బయలుదేరే ముందు రాత్రి ఒక పావుగంట మ్యాప్ చూడండి చాలు. బాంబెర్గ్ మూడు ముక్కల ఊరు. రైల్వే స్టేషన్ వైపున్నది తోటమాలుల పేట. మధ్యలో రెగ్నిట్స్ నది రెండు పాయల నడుమ ఉన్నది వ్యాపారుల లంక. అవతల గుట్టల మీద ఉన్నది బిషప్పుల ఊరు. ఈ మూడూ కలిపే 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. రెండో ప్రపంచ యుద్ధంలో నూరెంబర్గ్ నేలమట్టమైంది కానీ బాంబెర్గ్ పెద్దగా దెబ్బ తినలేదు. అందుకే ఇక్కడి పాత ఇళ్ళు తిరిగి కట్టినవి కావు, చాలావరకు అసలువే.

తిండికీ ఈ మూడు ముక్కలకీ నేరుగా లంకె ఉంది. పేటలో ఉల్లిపాయలు పండాయి. లంకలో సంత జరిగింది. గుట్టల్లో తవ్విన గుహల్లో బీరు చల్లగా మాగింది. మీరు కూడా అదే వరసలో నడవండి. స్టేషన్ దగ్గర మొదలుపెట్టి గుట్ట మీద ముగించండి. ఎక్కేది చివర్లో కాబట్టి పొద్దున కాళ్ళలో సత్తువ దాచుకోండి.

2. కాలం, వారం చూసుకోండి

మే నుంచి సెప్టెంబర్ దాకా గుట్టల మీది బీరు తోటలు తెరిచి ఉంటాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అదే మంచి కాలం. అక్టోబర్, నవంబర్‌లో వెళ్తే బాక్ అనే ఘాటు బీరు పీపాలు ఒక్కో బ్రూవరీలో, అంటే బీరు తయారుచేసే చోట, ఒక్కో రోజు తెరుస్తారు. ఆ సాయంత్రాలు ఊరంతా అక్కడే ఉంటుంది. ఆగస్టు చివర్లో సాండ్‌కెర్వా అనే జాతర జరుగుతుంది. నదిలో పడవల మీద నిలబడి పొడవాటి గెడలతో ఒకరినొకరు నీళ్ళలోకి నెట్టుకునే పోటీ చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ ఊరిని తెలుసుకోవడానికి జాతర రోజులు పనికిరావు. కాలు పెట్టే చోటుండదు.

వారం మరింత ముఖ్యం. ప్రతి హోటలుకీ 'రుహెటాగ్' అని వారంలో ఒకటో రెండో సెలవు రోజులుంటాయి. తలుపు మీద రాసి ఉంటుంది. కానీ తలుపు దాకా వెళ్ళాక చదివి ఏం లాభం? ముందే చూసుకోండి. ఆదివారం దుకాణాలు, సంత ఉండవు. నన్నడిగితే శుక్రవారం మధ్యాహ్నం దిగి శనివారం రాత్రి వెళ్ళిపోవడం బాగుంటుంది.

వంటగది వేళలు కూడా గుర్తుంచుకోండి. చాలాచోట్ల మధ్యాహ్నం పదకొండున్నర నుంచి రెండు దాకా, మళ్ళీ సాయంత్రం ఐదు, ఐదున్నర నుంచే వేడి భోజనం దొరుకుతుంది. మధ్యలో వెళ్తే బీరు ఇస్తారు, చల్లటి మాంసం, రొట్టె ఇస్తారు, అంతే. మన లెక్కన మూడింటికి భోజనానికి వెళ్ళిన నేను ఒకసారి పచ్చి ముల్లంగి ముక్కలతో సరిపెట్టుకున్నాను.

3. దిగగానే బీరు వద్దు, బేకరీకి వెళ్ళండి

ఖాళీ కడుపుతో సగం లీటరు బీరు తాగి ఊరు చూద్దామనుకుంటే రెండో వీధికే కళ్ళు మూతలు పడతాయి. ముందు బేకరీలో హోర్న్‌లా అడగండి. కొమ్ము ఆకారంలో ఉండే వెన్న రొట్టె. ఫ్రెంచ్ క్రాసాంట్ తిన్న అలవాటుతో చూస్తే ఇది కాస్త బరువుగా, పొరలు తక్కువగా అనిపిస్తుంది. అదే పేరుతో ఇక్కడ వేలిలా సన్నగా వంకర తిరిగే బంగాళాదుంప రకం కూడా ఉంది. కూరగాయల బల్ల దగ్గర హోర్న్‌లా అంటే దుంపలిస్తారు, బేకరీలో అంటే రొట్టె ఇస్తారు. చిన్న బన్ రొట్టెని ఇక్కడ 'వెగ్లా' అంటారు. ఆ ఒక్క మాట వాడితే కౌంటర్ దగ్గర ముఖాలు మారతాయి.

తర్వాత తోటమాలుల పేటలో అరగంట తిరగండి. వీధిలోంచి చూస్తే గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు. తెరిచిన గేటులోంచి తొంగి చూస్తే వెనకాల ఎకరాల పొడవునా కూరగాయల మళ్ళు! నడి ఊళ్ళో ఇప్పటికీ సాగు చేస్తున్న కుటుంబాలున్నాయి. మిట్టెల్ వీధిలో వీళ్ళ పాత ఇల్లొకటి మ్యూజియంగా ఉంది. ఒకప్పుడు ఇక్కడ అతిమధురం బాగా పండించేవాళ్ళు. ఉల్లి అయితే సరే సరి. ఉల్లి గడ్డ ఊరాలని ఆకుల్ని కాళ్ళతో తొక్కేవాళ్ళు. అందుకే బాంబెర్గ్ వాళ్ళకి 'త్స్వీబెల్‌ట్రేటర్', అంటే ఉల్లి తొక్కేవాళ్ళు అని ముద్దుపేరు.

ఆ ఉల్లినే కాసేపట్లో కంచంలో చూస్తారు. అక్కణ్ణుంచి వంతెన దాటితే గ్ర్యూనర్ మార్క్ట్ సంత. చేతిలో త్రిశూలం పట్టుకున్న నెప్ట్యూన్ విగ్రహాన్ని ఇక్కడివాళ్ళు గాబెల్‌మాన్, అంటే ఫోర్కు పట్టుకున్న మనిషి అంటారు. విగ్రహం చుట్టూ ఉన్న బల్లల మీద ఏ కూర ఎక్కువగా ఉందో గమనించండి. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ గుట్టలుగా ఉంటుంది. ఆ రోజుల్లో ఏ హోటల్లోనైనా కళ్ళు మూసుకుని అదే తెప్పించుకోవచ్చు. సంతలో లేనిది మెనూలో కనిపిస్తే నేను దాని జోలికి పోను.

4. బల్ల దగ్గర ఎలా కూర్చోవాలి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపికుంటే ఇది చదవండి. మనకి హోటల్ అంటే ఖాళీ బల్ల. ఇక్కడి బ్రూవరీ హాళ్ళలో ఖాళీ కుర్చీ చాలు. ఎనిమిది మంది పట్టే బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉంటే, దగ్గరికెళ్ళి "ఇస్ట్ హియర్ నొఖ్ ఫ్రై?" అనడగండి. ఇక్కడ ఖాళీయేనా అని. తల ఊపుతారు, లేదా చెయ్యి చూపిస్తారు. కూర్చోండి. మాట కలపాలని మీరు తొందరపడకండి. ఫ్రాంకోనియా వాళ్ళు మొదట మాట్లాడరు. రెండో గ్లాసు సగమయ్యాక "ఎక్కణ్ణుంచి?" అని వాళ్ళే అడుగుతారు. హైదరాబాద్ అంటే చాలామందికి తెలుసు. ఏలూరు అంటే మాత్రం జేబు రుమాలు మీద మ్యాప్ గీయాలి.

'ష్టామ్‌టిష్' అని బోర్డు ఉన్న బల్ల దగ్గర మాత్రం కూర్చోవద్దు. అది రోజూ వచ్చేవాళ్ళ బల్ల. మా ఊళ్ళో రచ్చబండ మీద పెద్దమనుషులు కూర్చునే చోటులాంటిది. అక్కడ బోర్డు గమనించకుండా కూర్చున్న నన్ను ఒక పెద్దాయన కోప్పడలేదు. నా పక్కనే నిలబడి, నేను లేచేదాకా మౌనంగా చూశాడు. కోప్పడి ఉంటేనే నయం.

గ్లాసు కింద అట్టముక్క మీద పెన్సిల్‌తో గీతలు గీస్తారు, అదే మీ ఖాతా. దాన్ని చింపొద్దు, జేబులో వేసుకోవద్దు. ఛీర్స్ చెప్పేటప్పుడు "ప్రోస్ట్" అని ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. గ్లాసు వైపు చూస్తూ తగిలిస్తే మర్యాద కాదు.

బిల్లు వచ్చినప్పుడు "త్సుజామెన్ ఓడర్ గెట్రెంట్?" అంటారు. కలిపా, విడివిడిగానా అని. నలుగురు వెళ్తే నలుగురికీ విడిగా లెక్క కట్టడం వాళ్ళకి మామూలే. "నేనిస్తాను, నేనిస్తాను" అని మనలా పెనుగులాడితే వింతగా చూస్తారు. టిప్పు ఐదు నుంచి పది శాతం దాకా ఇస్తే బాగుంటుంది. బల్ల మీద వదిలి వెళ్ళకుండా, కలిపిన మొత్తం నోటితో చెప్పాలి. బిల్లు 18.20 అయితే ఇరవై నోటు ఇచ్చి "ష్టిమ్ట్ సో" అంటే చిల్లర ఉంచుకోమని. నగదు తప్పనిసరిగా పెట్టుకోండి. పాత బ్రూవరీల్లో కార్డు పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

ఇంకో చిన్న మాట. వీళ్ళని బవేరియన్లు అనకండి. ఈ ఊరు శతాబ్దాల పాటు బిషప్పే రాజుగా ఉన్న సొంత రాజ్యం. బవేరియాలో కలిసింది 1802-03లో. లీటరు గ్లాసులు, తోలు నిక్కర్లు మ్యూనిక్ వ్యవహారం. ఇక్కడ సగం లీటరుని 'సైడ్లా' అంటారు. "ఆ సైడ్లా, బిట్టె" అని అడగండి, ఒక సైడ్లా ఇవ్వండి అని.

5. మధ్యాహ్న భోజనం బరువుగా, రాత్రి తేలిగ్గా

పెద్ద భోజనం మధ్యాహ్నమే కానివ్వండి. మొదటి రోజు బాంబెర్గర్ త్స్వీబెల్ తీసుకోండి. పెద్ద ఉల్లిగడ్డ లోపల తొలిచి, పంది కైమా కూరి, పైన బేకన్ వేసి, పొగ బీరుతో చేసిన గ్రేవీలో వడ్డిస్తారు. పక్కన మెత్తటి బంగాళాదుంప ముద్ద. మన గుత్తొంకాయకి దూరపు చుట్టం అనుకోవచ్చు, మసాలా మాత్రం ఆశించకండి. ఇక్కడి వంటలో కారం అంటే మిరియాలు, గుర్రపుముల్లంగి, ఆవాల ముద్ద అంతే.

రెండో రోజు షోయిఫెర్లా. పంది భుజం ముక్కని ఎముకతో సహా గంటల తరబడి ఓవెన్లో కాల్చి, పైతోలు అప్పడంలా పేలేట్టు చేస్తారు. పక్కన బంగాళాదుంపలతో చేసే క్లోస్ అనే ఉండలు. ఆ ఉండని కత్తితో కోయకండి, ఫోర్కుతో చీల్చండి. చీలిన గరుకు అంచులే గ్రేవీని పీల్చుకుంటాయి. రాగి సంగటి ముద్ద పులుసులో ముంచుకుని తినే చేతికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

'బ్లౌవే త్సిప్ఫెల్' అని ఇంకొకటుంది. సాసేజ్‌లని వేయించకుండా ఉల్లి, వెనిగర్ రసంలో ఉడికిస్తారు. చూడ్డానికి పాలిపోయి, నీలంగా, అస్సలు బాగోదు. పులుపు ఇష్టపడే మన నాలుకకి మాత్రం ఊళ్ళో అన్నిటికన్నా ఇదే దగ్గర. ఆ పుల్లటి రసంలో రొట్టె ముంచుకుని తినండి.

సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అయితే కార్ప్ చేప తప్పకుండా తినాలి. దగ్గర్లోని ఐష్ నది లోయలో చెరువుల్లో పెంచుతారు. చేపని నిలువునా రెండుగా చీల్చి, సగానికి సగం నూనెలో వేయిస్తారు. మన బొచ్చె చేప కూడా ఆ కుటుంబమే కాబట్టి ముళ్ళ సంగతి మనకి కొత్త కాదు. పక్క బల్ల వాళ్ళు కత్తీ ఫోర్కుతో కుస్తీ పడుతుంటే మీరు వేళ్ళతో వలిచి పెట్టేయొచ్చు. కరకరలాడే తోక వదలకండి.

శాకాహారులకి నిజం చెప్తాను, ఇది తేలికైన ఊరు కాదు. ఉండల మీద పోసే గ్రేవీ మాంసానిది. బంగాళాదుంప సలాడ్‌లో కూడా మాంసం మరిగించిన నీళ్ళు పోయడం మామూలే. "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్" అని రెండూ చెప్పాలి. మొదటిది మాంసం వద్దని, రెండోది బేకన్ వద్దని. ఎందుకంటే బేకన్ ముక్కల్ని వాళ్ళు మాంసం కిందే లెక్కేయరు. ధైర్యంగా తినదగ్గవి కొన్ని ఉన్నాయి. చీజు, వేయించిన ఉల్లితో వచ్చే కేజె-ష్పెట్స్‌లె. వెన్న, మిరపపొడి కలిపి మెదిపిన చీజు ముద్ద గెరుప్ఫ్టర్. ఉల్లి, మూలికలు కలిపిన పెరుగు జున్ను త్సీబెలస్‌కేస్. చివరిది రొట్టె మీద రాసుకుంటే పెరుగుపచ్చడి తిన్నంత హాయి. గొడ్డుమాంసం తిననివాళ్ళు 'రింట్' అన్న మాట, పంది తిననివాళ్ళు 'ష్వైన్' అన్న మాట మెనూలో వెతుక్కోండి.

6. పొగ బీరు: మొదట మెల్లది, తర్వాత గట్టిది

రాగి మాల్ట్ చేసే పద్ధతి తెలిసినవాళ్ళకి బీరు సగం తెలిసినట్టే. రాగుల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పొడి చేస్తాం. ఇక్కడ రాగులకు బదులు బార్లీ. మన దగ్గర ఎండ ఉంది, ఆరబోస్తే చాలు. జర్మనీలో ఆ ఎండ ఎక్కడ? మొలకల కింద కట్టెల మంట పెట్టి ఆరబెట్టేవాళ్ళు. మంటతో పాటు పొగా గింజకి పట్టేది. అంటే పాత రోజుల్లో బీర్లలో చాలావాటికి ఎంతో కొంత పొగ వాసన ఉండేదన్నమాట. తర్వాత పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే పొయ్యిలు వచ్చాయి, అందరూ మారిపోయారు. బాంబెర్గ్‌లో ష్లెంకెర్లా, ష్పెత్సియాల్ అనే రెండు బ్రూవరీలు మాత్రం బీచ్ (beech) అనే చెట్టు కట్టెల మంట మీద సొంతంగా మాల్ట్ చేసుకోవడం మానలేదు. మీరు తాగేది కొత్తగా కనిపెట్టిన వింత రుచి కాదు, మిగతావాళ్ళంతా వదిలేసిన పాత రుచి.

వరస ముఖ్యం. ముందు ష్పెత్సియాల్‌కి వెళ్ళండి. ఒబెరె క్యోనిగ్ వీధిలో, స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. 1536 నాటిది. ఇక్కడి లాగర్‌లో పొగ మెల్లగా, కాల్చిన మొక్కజొన్న పొత్తు వాసనలా ఉంటుంది. సరిగ్గా వీధికి అవతల ఫెస్లా ఉంది, 1649 నాటిది. అక్కడ పొగ లేని మామూలు బీరు. ఒక వీధి దాటి రెండూ తాగితే పొగ చేసే తేడా ఏమిటో పుస్తకం చదవకుండా తెలుస్తుంది. ఫెస్లా వాకిట్లో 'ష్వెమ్మె' అనే నడవా ఉంటుంది. కూర్చునే తీరిక లేనివాళ్ళు అక్కడే నిలబడి ఒకటి తాగి పోతారు. ఊరి కబుర్లన్నీ అక్కడే దొరుకుతాయి. జర్మన్ రాకపోయినా గోడకి ఆనుకుని పది నిమిషాలు నిలబడండి.

ఆ తర్వాతే లంక దాటి ష్లెంకెర్లా. దారిలో నది మధ్యలో నిలబడిన పాత టౌన్‌హాల్ వస్తుంది. బిషప్పు గజం స్థలం కూడా ఇవ్వనంటే ఊరివాళ్ళు నదిలో దుంగలు పాతి దాని మీదే కట్టుకున్నారని కథ. గోడ మీది బొమ్మల్లో ఒక దేవదూత కాలు మాత్రం నిజంగా గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, వెతకండి.

ష్లెంకెర్లా కేథడ్రల్ గుట్ట కిందే ఉంది. ఆ ఇంటి ప్రస్తావన 1405 నుంచే కనిపిస్తుంది. పూర్వం ఒక యజమాని నడుస్తుంటే చేతులు వేలాడేసి ఊగేవాడట, స్థానిక యాసలో ఆ ఊగడానికి పెట్టిన పేరే ఇది. ఇక్కడి మెర్త్సెన్ రకం నల్లగా, 5.1 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. కౌంటర్ మీద చెక్క పీపా పెట్టి, కుళాయి కొట్టి, పంపు లేకుండా నేరుగా గ్లాసులోకి వదులుతారు. అందుకే గ్యాస్ తక్కువ, గుండ్రంగా దిగుతుంది.

మొదటి గుక్కలో ముక్కుకి బేకన్ వాసన కొడుతుంది. బెదరకండి. అందులో మాంసం చుక్క కూడా లేదు. నీళ్ళు, మాల్ట్, చేదునిచ్చే హాప్స్ పూలు, పులియబెట్టే ఈస్టు మాత్రమే. ఇందులో ఈ ఊరివాళ్ళకి కాస్త గర్వం కూడా ఉంది. బీరులో ఏం వేయాలో శాసించే బవేరియా చట్టం 1516లో వస్తే, బాంబెర్గ్ బిషప్పు ఇలాంటి ఆజ్ఞ 1489లోనే ఇచ్చాడు. మొదటి గ్లాసు సగం దాకా వాసన తప్ప ఏమీ తెలియదు. ముక్కు అలవాటు పడ్డాక మాల్ట్ తీపి, చివర చేదు బయటపడతాయి. అసలు రుచి రెండో గ్లాసులోనే అని ఊళ్ళో అందరూ అనే మాట. అది వ్యాపారం కోసం పుట్టిన మాటని మొదట్లో నేనూ అనుకున్నాను. ఇప్పుడు నేనే అందరికీ చెప్తున్నాను.

మరీ భయమైతే ఇక్కడి హెల్లెస్ అనే లేత రంగు బీరు అడగండి. దానిలో పొగ మాల్ట్ వేయరు. పొగ బీరు వండే పాత్రలు, పొగ బీరు ఈస్టు వాడతారు కాబట్టి ఆ వాసన కొంచెం అంటుకుంటుంది. చేపల పులుసు వండిన మట్టి కుండలో పప్పు వండినట్టు. లోపల చోటు లేకపోతే కిటికీలోంచి కొనుక్కుని, గ్లాసుకి డిపాజిట్ కట్టి వీధిలో నిలబడి తాగొచ్చు.

7. మధ్యాహ్నం ఎక్కువ నడవండి, తక్కువ తాగండి

ఇక్కడ రెండు గంటలు విరామం. కేథడ్రల్ ఎక్కండి. చక్రవర్తి రెండో హైన్రిష్ 1007లో ఈ ఊరిని బిషప్పు పీఠం చేశాడు. ఇప్పుడున్న కట్టడం 1237లో ప్రతిష్ఠించినది. ఆయనా, ఆయన భార్య కునిగుండె పడుకున్న సమాధిని టిల్మాన్ రీమెన్‌ష్నైడర్ చెక్కాడు. జర్మనీలో ఉన్న ఒకే ఒక్క పోప్ సమాధి, రెండో క్లెమెంట్‌ది, ఇక్కడే. ఎవరో ఖాయంగా చెప్పలేని రాతి గుర్రపు రౌతు స్తంభానికి ఆనుకుని శతాబ్దాలుగా అలాగే చూస్తున్నాడు. మీకు చరిత్ర మీద ఆసక్తి లేకపోయినా లోపలి చల్లదనానికి వెళ్ళండి.

సగం లీటరు గ్లాసులు రోజుకి మూడు, మహా అయితే నాలుగు, అది నా హద్దు. గ్లాసు గ్లాసుకీ మధ్య ఒక నడక, ఒక గ్లాసు నీళ్ళు. నీళ్ళు కూడా డబ్బు పెట్టి కొనాలి, బీరు ధరకి దగ్గరే ఉంటుంది, ఏడుస్తూనే కొనండి. తాగనివాళ్ళు 'ఆల్కోహోల్‌ఫ్రై' బీరు, ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె అడగొచ్చు, ఎవరూ వింతగా చూడరు. తాగి సైకిల్ తొక్కడం కూడా ఇక్కడ నేరమే. అద్దె సైకిల్ ఆలోచన మానుకోండి.

8. సాయంత్రం గుట్ట మీద, చెట్ల కింద

బాంబెర్గ్ అసలు రహస్యం ఇక్కడుంది. మాగడానికి బీరుకి చల్లదనం కావాలి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ష్టెఫాన్స్‌బెర్గ్ గుట్ట ఇసుకరాయిలో సొరంగాలు తవ్వి, పీపాలు లోపల పెట్టేవాళ్ళు. నేల వేడెక్కకుండా పైన నీడనిచ్చే చెట్లు నాటారు. ఎండాకాలం బీరు తెచ్చుకోడానికి పైకి వెళ్ళిన జనం ఆ నీడ వదిలి కిందికి రాలేకపోయారు. బల్లలు పడ్డాయి. 'కెల్లర్' అంటే నేలమాళిగ. కానీ బాంబెర్గ్ వాళ్ళు కెల్లర్‌లోకి వెళ్తున్నామనరు, కెల్లర్ మీదికి వెళ్తున్నామంటారు. పీపా కింద, మనిషి పైన.

ష్పెత్సియాల్ వాళ్ళ కెల్లర్, విల్డె-రోజె కెల్లర్ రెండూ ఆ గుట్ట మీదే ఉన్నాయి. ఊరి మధ్య నుంచి ఇరవై నిమిషాల ఎక్కుడు. పొద్దు వాలే వేళకి ష్పెత్సియాల్ కెల్లర్‌లో అంచు బల్ల దొరికితే కేథడ్రల్ నాలుగు గోపురాలూ ఎదురుగా ఉంటాయి. బీరు మీరే కిటికీ దగ్గర తెచ్చుకోవాల్సి రావచ్చు.

మనవాళ్ళు ఆనందపడే సంగతి ఒకటుంది. చాలా కెల్లర్‌లలో తిండి ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. తాగేది మాత్రం వాళ్ళ దగ్గరే కొనాలి. కుటుంబాలు గళ్ళ గుడ్డ పరిచి, ముల్లంగి, చీజు, సాసేజ్ డబ్బాలు విప్పుతాయి. తాటివనంలో కల్లు ముంత ముందు గుడాలు, చేప వేపుడు పెట్టుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఒకసారి అడిగి నిర్ధారించుకుని మేం ఎర్లాంగెన్ నుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకెళ్ళాం. నా తీర్పు చెప్తాను. పులిహోరకీ పొగ బీరుకీ పడదు, చింతపండు పులుపు పొగని చేదు చేస్తుంది. వేయించిన పల్లీలు, ఎండు రొయ్యల పొడి, నెయ్యి కారప్పొడి రాసిన దోసె భేషుగ్గా నప్పాయి. పక్క బల్ల ఆయన కారప్పొడి రుచి చూసి, మా అందరికీ ఒక వరస బీరు తెప్పించాడు. ఆయన కళ్ళలో నీళ్ళు మెచ్చుకోలువో, మంటవో నాకిప్పటికీ తెలియదు.

రెండో సాయంత్రం కొండ ఎక్కే ఓపిక లేకపోతే వుండర్‌బుర్గ్ పేటకి వెళ్ళండి. మార్స్ బ్రౌ, కేస్మాన్ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. మార్స్‌లో "ఆ ఊ" అంటే చాలు. 'ఊన్‌గెష్పుండెట్' అన్న పెద్ద మాటకి పొట్టి రూపం అది. పీపాకి బిరడా బిగించకుండా మాగనిచ్చిన బీరు కాబట్టి గ్యాస్ తక్కువ, కాస్త మసకగా ఉంటుంది.

9. ఇదే పద్ధతి వేరే ఊళ్ళో

కొలోన్ వెళ్తే గ్లాసు 0.2 లీటర్లే, పేరు క్యోల్ష్. ఖాళీ కాగానే అడక్కుండానే ఇంకొకటి పెడతారు. చాలనుకుంటే అట్టముక్క గ్లాసు మీద మూత పెట్టాలి, లేకపోతే తెల్లారేదాకా వస్తూనే ఉంటుంది. చెక్ దేశపు ప్ల్జెన్ వెళ్తే 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియన్ అక్కడ మొదటి బంగారు రంగు పిల్స్‌నర్ చేశాడని గుర్తుపెట్టుకుని, ఆ ఊరి మెత్తటి నీళ్ళ సంగతి వాకబు చేయండి. బ్రస్సెల్స్‌లో లాంబిక్ అడగండి. ఈస్టు కలపకుండా గాలిలోని సూక్ష్మజీవులకే వదిలేస్తే పులిసే బీరు. కల్లు తాగినవాళ్ళకి ఆ పులుపు వెంటనే అర్థమవుతుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు అక్కడి నేల, నీళ్ళు, చలి ఎలాంటివో చూడండి. మెనూ తర్వాత.

10. వెళ్ళే ముందు

బ్రూవరీల దగ్గరే సీసాలు అమ్ముతారు. మామూలు బీరు సీసాకి 8 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కి ఇస్తారు. విమానంలో అయితే చెక్-ఇన్ సామాన్లో, సాక్సుల్లో చుట్టి పెట్టండి. రైలు టైము ముందే చూసుకుని, దానికి అరగంట ముందు లెక్క కట్టించండి.

ఆ అరగంట కోసమే ఇక్కడ 'ష్నిట్' అనే ఏర్పాటుంది. గ్లాసులోకి గబగబా వదిలి, పైదంతా నురగతో నింపి, సగం ధరకే ఇస్తారు. నురగ దిగాక సగానికి పైనే ఉంటుంది. "ఇదే ఆఖరు, ఇక పోతాను" అని చెప్పడానికి దాన్ని అడుగుతారు. నేను చూసినంతలో ష్నిట్ తర్వాత ఇంకో ష్నిట్ అడిగేవాళ్ళే ఎక్కువ. ఎర్లాంగెన్‌కి ఆఖరి రైలు నేను రెండుసార్లు పోగొట్టుకున్నది అలాగే.